బూడిద రంగు పిస్తోలు

2008, శుక్రవారం రాత్రి, బర్కా

నేను పనిచేసే ఈ అరబ్బుల ఇంటి యజమాని, అర్బాబ్ మీద ఇంత కసి నాకెప్పుడూ పుట్టలేదు.

వాడికి పాత పిస్తోళ్లు పోగేసే పిచ్చి. అతిథులు వస్తున్నారని పొద్దున వాటిని బల్ల మీద పరిచి తుడవమన్నాడు. ఒకటి బూడిద పట్టినట్టు మసకగా ఉంది. ఇత్తడి బిందె తోమినట్టు చింతపండు పెట్టి, పీచుతో తళతళలాడేదాకా తోమాను. అది చూసి ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు. ఈ ఏడు నాకు సెలవు లేదన్నాడు.

డ్రైవర్ మల్లేశం తర్వాత వంటింట్లోకొచ్చి చెప్పాడు. "అక్కా, రెండో ప్రపంచ యుద్ధం అయినంక జర్మనీల పిస్తోళ్ల ఫ్యాక్టరీని ఫ్రాన్సోళ్లు పట్టుకున్నరట. మిగిలిన సామానుతోని తమ సిపాయిలకు గవి చేయించిన్రట. గా బూడిద రంగే దానికి గుర్తట."

"నాకెవరు చెప్పారు తమ్ముడూ? తుడవమన్నాడు, తోమాను."

అరవై ఏళ్లనాటి పిస్తోలు ఎవరు చేయించారో వాడికి తెలుసు. మూడేళ్లుగా వండి పెడుతున్న నా పేరు తెలియదు. ఈసారి తప్పకుండా వస్తానని ఊళ్లో ఉన్న మా పాపకు మాటిచ్చాను, ఇప్పుడు ఫోన్‌లో ఏం చెప్పను...

అలాంటి బూడిద రంగుదే బీరువాలో ఇంకొకటి ఉంది. బీరువాకు తాళం వేయడం మరిచిపోయాడు. చింతపండు ఇంకా చాలానే ఉంది.