ఇవాళ్టి గ్లాసు

అత్తయ్యగారికి,

నా అక్షరాలు వంకరగా ఉంటాయి, తప్పులూ ఉంటాయి. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని, ఏమీ అనుకోకండి.

నిన్న మీ సంవత్సరీకం జరిగింది. మీ అబ్బాయి మిలట్రీ నుంచి సెలవు మీద వచ్చారు. మీరు బతికుండగా బతిమాలిన పని ఇప్పటికి మొదలుపెట్టారు. రమ్ము రోజుకి ఒక్క గ్లాసుకి తగ్గించారు.

ఇవాళ సాయంత్రం మీ అన్నయ్యగారు అరుగు మీద కూర్చుని మిలట్రీ క్యాంటీను రమ్ము సీసా తెమ్మన్నారు. సీసా తెచ్చినవాడు ముందు తాగితేనే మిగతావాళ్ళు ముట్టుకుంటారు కదా. మీ అబ్బాయి తన గ్లాసులో కొబ్బరి బొండం నీళ్ళు పోసుకున్నారు.

“ఏరా అల్లుడూ, మిలట్రీవోడివై బొండం నీళ్ళేంట్రా? పెళ్ళాం కొంగుకి కట్టేసిందేంటి?”

“ఆయ్, కట్టేసిందండి మావయ్యా. ఇవాళ్టి గ్లాసు మధ్యాహ్నమే అయిపోయిందండి.”

అందరూ నవ్వారు. తలుపు వెనక నేనూ నవ్వాను. లోపలికి వచ్చాక చూస్తే ఆయన చేతులు వణుకుతున్నాయి. తాగుడు తగ్గించిన దగ్గర్నుంచీ ఇంతే.

“ఇక్కడ ఒక్క మావయ్యే. అక్కడ మిలట్రీలో అందరూ మావయ్యలేనే” అన్నారు.

మిలట్రీ డాక్టరుగారికి చెప్పమన్నాను. చెబితే కాగితాలకెక్కి ఉద్యోగానికి మచ్చొస్తుందని ఆయన భయం. చెప్పకపోతే ఆ చేతులతోనే తుపాకీ పట్టుకోవాలి. ఎల్లుండే రైలు. నాకు ఏ దారీ తోచడం లేదు.

ఈ సంగతి ఎవరికీ తెలియకూడదు. చదివి కాల్చెయ్యండి అత్తయ్యగారూ. మీరు కాల్చలేరని తెలుసు. పొద్దున్న ఆయనకి కాఫీ పెట్టేటప్పుడు నేనే పొయ్యిలో పెడతాను. అప్పుడైనా అందుకోండి.