తెల్లగా ఉన్న గడి

సోని నాన్నా,

కుండలో అంబలి ఉంది, తాగేసి బేగి కంప్యూటర్ తెరువు. పిల్లల బరువుల షీట్ పెదబయలు ఆఫీసుకి అప్పుడే పంపకు. ముందు మన సోని గడి సరిచెయ్యి.

బరువు తక్కువున్న పిల్లల గడి దానంతటదే ఎర్రబడేలా రూల్ పెట్టింది నువ్వే. పొద్దున్న తెరిచి చూస్తే ఫల్గుణ కొడుకు గడి ఎర్రగా ఉంది. అదే ఈడుది, వాడికన్నా తక్కువ తూగింది మన గుంట, దాని గడి మాత్రం తెల్లగా ఉంది. ఆ ఒక్క గడికే రూల్ తీసేశావు. ఏటిది? అంగన్‌వాడీ టీచర్ కూతురే చిక్కిపోయిందని ఊరు నవ్వుతుందనా? రంగు తీసేస్తే బరువు పెరుగుతుందా? ఎర్ర గడి ఉన్నోళ్లనే డాక్టరు పిలుస్తాడని నీకు తెలీదా?

డాక్టరు పిలిచేదాకా నేను ఆగలేను. సోనిని చంకనేసుకుని మొదటి జీపుకి ఆసుపత్రికి పోతన్నాను. కోళ్లకి గింజలు వెయ్యి. గుడ్లు అమ్మెయ్యకు, అన్నీ సోనికే.

ఇంకోమాట. నిన్న దాన్ని తూచి ఆ అంకె రాయబోతే నా చెయ్యి కూడా ఆగిపోయింది. అయినా రాశాను.

కనక