బామ్ రాసుకో బావా

24 జూన్ 2025, మంగళవారం

ఈ డైరీ కోటిలింగం పెదనాన్న పాత్రల షాపుది. జనవరిలో కస్టమర్లకు పంచగా మిగిలింది నాకు తోసినాడు. అట్ట మీద లక్ష్మీదేవి, లోపల రోజుకొక రాహుకాలం. ఆరు నెలలు దీని మీద కాఫీ లోటా పెట్టుకున్నాను. ఇప్పుడు పెన్ను పెడుతున్నాను.

విషయం ఏమనగా: మా బావ వెంకట్రామ్, వయసు నలభై ఒకటి, ఆదివారం మధ్యాన్నం పప్పుచారు అన్నం తిని, సోఫాలో పడుకుని, చచ్చిపోయినాడు.

మళ్ళీ చదివినాను. జోక్ లాగే ఉంది.

మా అక్క వాసంతిని వెనక కూచోబెట్టుకుని బైకులో లేహ్ దాకా పోయొచ్చిన మనిషి. ఏలగిరి కొండ మీదనుంచి పారాచూట్ కట్టుకుని దూకినాడు. వరదలప్పుడు అంబత్తూరు వీధుల్లో లారీ ట్యూబ్ మీద తేలుకుంటా పోయి ఇంటింటికీ పాలు అందించినాడు. మంచు, కొండ, నీళ్ళు అన్నీ తలా ఒక ఛాన్స్ తీసుకుని చూసినాయి. కడకు సోఫా గెలిచింది.

25 జూన్, బుధవారం

బావ చచ్చిపోతే బామరిది ఎట్లా ఉండాలో ఎవరూ నేర్పలేదు. మా ఇండ్లల్లో బావా బామరిదీ సీరియస్‌గా మాట్లాడుకుంటే పెద్దవాళ్ళకు భయం, ఏదో గొడవ అయిందని.

అక్క పెండ్లిలో నాకు పదమూడేళ్ళు. బావ పాయసంలో పిడికెడు ఉప్పు కలిపినాను. ఆయన లోటా ఖాళీ చేసి, బాగుంది, ఇంకో లోటా పొయ్యమన్నాడు. ఆ రోజు మొదలు పన్నెండేళ్ళు ఇద్దరం ఒక్క నిజం మాట్లాడుకోలేదు. మచ్చా అంటే అరవంలో బామరిది. ఈ ఊర్లో ఎవడు ఎవడినైనా మచ్చా అంటాడు, సిగ్నల్లో గుద్దినవాడిని కూడా. నన్ను ఆ మాట అనే అసలైన హక్కు ఆయనొక్కడిదే.

జ్వరమొస్తే ఫోన్ చేసేవాడు. మచ్చా, వీలునామాలో నీకు నా పాత సాక్సులు రాసేసినా అనేవాడు. ఉతికి రాయించు బావా అనేవాణ్ణి. కాలు విరిగినప్పుడు కూడా అంతే. ఇంకో కాలు ఉంది కదా, దాన్నెందుకు ఏడిపిస్తావు అన్నాను. కట్టు వేసే డాక్టరుకు ఆ మాట చెప్పి నవ్వించినాడంట.

26 జూన్, గురువారం

ఎవరికీ ఒక్క మాట చెప్పకుండా పోయినాడు పాపం. ఈ రోజు ఈ వాక్యం పద్నాలుగు సార్లు విన్నాను.

27 జూన్, శుక్రవారం, మధ్యాన్నం 12:10

రాసేస్తాను. రాహుకాలం అయిపోయింది.

చెప్పినాడు. నాకు చెప్పినాడు.

ఆదివారం ఒంటిగంటా పదికి ఫోన్. పొద్దున అక్కనీ కూతురు ప్రణతినీ తీసుకుని ముట్టుకాడు బ్యాక్‌వాటర్‌కు పోయి తమ తెడ్డు పడవ వేసి వచ్చినారు. మచ్చా, ఎడమ భుజం లాగుతా ఉంది, మోచేయి దాకా దిగుతా ఉంది, చెమట వేరే, నీ బావ రిటైర్ అవుతున్నాడ్రా అన్నాడు. నేను మంచం మీద పడుకుని చిప్స్ తింటా ఉన్నాను. ముసిలోళ్ళకు పడవలెందుకు, తెడ్డు నా పేరున రాసిచ్చేయ్, బామ్ రాసుకుని పడుకో, ఫీజు తర్వాత పంపు అన్నాను. సరే డాక్టరుగారూ అన్నాడు. ఇద్దరం నవ్వినాం. రెండు నిమిషాల పద్నాలుగు సెకన్లు. నాలుగింటికి అక్క కాఫీ పట్టుకుని లేపడానికి పోయింది.

ఇంతటితో అయిపోలేదు. పోయిన నెల షోళింగనల్లూరులో మా ఆఫీసువాళ్ళు ఫస్ట్ ఎయిడ్ ట్రైనింగ్ పెట్టినారు. రబ్బరు బొమ్మ ఎద మీద నొక్కాలి. నేను దానికి సుబ్బన్ అని పేరు పెట్టి, లీవు అప్లై చేసినావా సుబ్బన్ అని అడిగి అందరినీ నవ్వించినాను. రెండో స్లైడులోనే ఉండింది: ఎడమ భుజం, మోచేయి, చెమట. కడాన నాకు సర్టిఫికెట్ ఇచ్చినారు. డెస్కు మీద నిలబెట్టినాను. బెస్ట్ పార్టిసిపెంట్.

28 జూన్, శనివారం

వాసవాంబ అత్త పిలిచింది. బావను కన్నతల్లి. నీతో కదరా కిట్టూ కడాన మాట్లాడినాడు, ఏమన్నాడు అనింది. ఊరికే తమాషాకు చేసినాడు అత్తా అన్నాను. నవ్వినాడా అనింది. నవ్వినాడు అన్నాను. అయితే నా బిడ్డ నొప్పి తెలీకుండానే పోయినాడు అని కొంగుతో ముఖం తుడుచుకుని, కాఫీ అడిగి తాగింది. ఆరు రోజుల్లో మొదటిసారి.

అక్క వాకిలి దగ్గర నిలబడి నన్నే చూస్తా ఉండింది.

29 జూన్, ఆదివారం

బాల్కనీలో పడవ నిలబెట్టే ఉంది. కొక్కేనికి మూడు లైఫ్ జాకెట్లు, ఒకటి చిన్నది. మోకాలి లోతు నీళ్ళయినా జాకెట్ వేయనిదే ఎవరినీ దిగనీడు. ప్రణతికి ఎనిమిదేళ్ళు, రెండుసార్లు తుమ్మితే డాక్టరు దగ్గర ఉంటాడు. తనే జడలు వేస్తాడు, ఒకటి పైన, ఒకటి కింద. పోతే ముగ్గురం పోతాం, లేదంటే ఎవరం పోం అనేది ఆయన చట్టం.

పోయిన ఆదివారం ఆ చట్టం మీరింది ఆయనే.

ఆ పడవే మింగింది వాణ్ణి, అమ్మిపారేయండి అన్నాడు పెదనాన్న. పడవకు నోరు లేదు. నాకుంది. మూసుకున్నాను.

30 జూన్, సోమవారం, సాయంత్రం 7

మావైపు పదోరోజు అక్కకు పుట్టింటి చీర కప్పాలి. కప్పాల్సింది తమ్ముడు. లేత రంగు, సన్నంచు అని పెదనాన్న ఆర్డర్. నేను చిలకపచ్చ తెచ్చినాను, బెత్తెడు జరీ. ఇది సావుకా సీమంతానికా అన్నాడు. రెండింటికీ పనికొస్తుంది పెదనాన్నా అన్నాను. నోరు దానంతట అదే అనేసింది. ఆయన చెయ్యెత్తి, మళ్ళీ దించేసినాడు. కొట్టుండాల్సింది.

అంబత్తూరుకు చీర తీసుకుపోయినాను. అక్క ప్రణతి రూములో ఒంటరిగా ఉండింది. తలుపేసి చెప్పేసినాను. చిప్స్, తెడ్డు, ఫీజు, స్లైడు, అన్నీ.

అక్క చీర మడత విప్పి అంచు చూసుకుంటా, తెలుసురా అనింది.

బావ ఫోన్ పెట్టి నేరుగా అక్క దగ్గరికే పోయినాడంట. నీ తమ్ముడు డాక్టరు బామ్ రాయమన్నాడు, వచ్చి రాయి అన్నాడంట. అక్క రాసిందంట. గట్టిగా నొక్కేదా మెల్లగా నొక్కేదా ముసిలాయనా అని అడిగిందంట. ఆయన చెయ్యి చల్లగా ఉండిందంట. బామ్ వల్ల అనుకుందంట.

ఎన్నిసార్లు కడిగినా చేతులు అదే వాసనరా అనింది. నువ్వు ఎప్పుడు నోరు తెరుస్తావా అని చూస్తా ఉన్నా, నువ్వు చెప్తే నేనూ చెప్పేద్దామని అనింది.

ఇప్పుడు పోయి చెప్పేద్దామా అక్కా అన్నాను.

అత్త కాఫీ తాగుతా ఉందిరా అనింది.

1 జూలై, మంగళవారం

కప్పినాను. చిలకపచ్చ.

ఎవరికీ ఒక్క మాట చెప్పకుండా పోయినాడు పాపం అని పక్కింటావిడ. అవును అనింది అక్క. అవును అన్నాను నేను.

బావ ఉండుంటే, ఏం మచ్చా, నీ పెండ్లికి తీసి దాచిందా అనేవాడు. ఎవరూ అనలేదు. మా ఇంట్లో జోక్ లేకుండా జరిగిన మొదటి ఫంక్షన్.

28 జూలై, సోమవారం, ఆటోలో

స్కూలు నుంచి వచ్చి ప్రణతి భుజం నొప్పి అనింది. ఎడమ భుజం. అక్క ఫోన్ చేసింది. ఆఫీసు నుంచి అట్లే వచ్చేసినాను. ఈసీజీ తీసినారు. బ్యాగు ఒకే భుజానికి తగిలించుకుంటా ఉందమ్మా, అంతే, అని డాక్టరు నవ్వినాడు.

మేం నవ్వలేదు. ఇంకో ఆసుపత్రికి పోతున్నాం.