మేయర్ గారు మా కాలనీ పేరు చదివారు

ఫిబ్రవరి 9

ట్యాంకర్ వచ్చింది. అత్తమ్మ అందరికంటే ముందు పైపు పట్టుకుంది — ఆమె చేతిలోంచి లాక్కునే ధైర్యం ఈ వీధిలో ఎవరికీ లేదు. రెండు డ్రమ్ములూ నిండాయి.

గేటు పక్కన బిగించిన కొత్త నల్లాలోంచి మాత్రం ఇంతవరకూ చుక్క లేదు. మెయిన్ రోడ్డు దగ్గర లైను కలపలేదట. బోరు నీళ్లా... పచ్చగా, ఫ్యాక్టరీల వాసనతో. బట్టలు ఉతకడానికి కూడా మనసొప్పదు.

ఫిబ్రవరి 14

బడి నుంచి వచ్చి బియ్యం కడుగుతున్నాను. అత్తమ్మ టీవీ ముందు. మేయర్ గారి ప్రసంగం — ఈ ఏడు నగరంలో జరిగిన పనులు, వచ్చే ఏడు చేయబోయేవి. రోడ్లు, పార్కులు, వీధి దీపాలు... ఉన్నట్టుండి కేక.

"సుజాతా, ఉరికి రా! మన కాలనీ పేరు జెప్పిండు!"

నాచారం వైపు కొన్ని కాలనీల్లో ఇంటింటికీ మంచినీళ్లు ఇచ్చేశామట. అందులో మాదీ ఒకటి. మేయర్ గారు కాగితంలోంచి తలెత్తకుండా చదువుతున్నారు.

ఇచ్చేశామంటారేంటి, రాలేదు కదా అన్నాను. "రేపో ఎల్లుండో ఇడుస్తరు. గంత పెద్దమనిషి ఊకె జెప్తడా?" పక్కింటికి పోయి చెప్పొచ్చింది. చాలా రోజులైంది ఆమెను ఇంత సంబరంగా చూసి.

మా ఆయన ఫ్యాక్టరీ నుంచి వచ్చి అంతా విన్నారు. డ్రమ్ము మూత ఎత్తి చూశారు.

ఫిబ్రవరి 17

ట్యాంకర్ రాలేదు.

ఫిబ్రవరి 19

ఈరోజూ రాలేదు. డ్రైవర్ యాదగిరికి ఫోన్ చేశాను.

"మీ కాలనీ తీసేసిన్రక్కా. మీకు నల్లాలొచ్చినయట గద. నన్ను చెంగిచెర్ల దిక్కు పంపుతున్రు."

రాలేదు యాదగిరీ అన్నాను.

"నాకెర్కే అక్కా. ఆఫీసు చీటీ ఉంటెనే ట్యాంకర్ నింపుతరు. నేనేం జేస్త?"

ఫిబ్రవరి 21

సెలవు పెట్టి ఉప్పల్‌లో నీళ్ల ఆఫీసుకు వెళ్లాను. బంద్ అట. గేటుకు తాళం. అప్పటికి బస్సులూ ఆగిపోయాయి — నడిచి వచ్చాను.

ఫిబ్రవరి 23

మళ్లీ ఆఫీసు. ఇంజనీరు చిన్నవాడే, మర్యాదస్తుడు. కూర్చోబెట్టాడు. బల్ల మీద మేయర్ గారి ప్రసంగం పుస్తకం, రంగుల అట్టతో.

"ఇందులో అచ్చయిపోయింది కదమ్మా. నీళ్లిచ్చిన కాలనీకి మళ్లీ ట్యాంకర్ ఎందుకని పైవాళ్లు అడిగితే నేనేం చెప్పను?"

ఒక్కసారి వచ్చి చూడండి సార్ అన్నాను.

"చూశానమ్మా. రావట్లేదని నాకు తెలుసు."

తెలియని వాళ్లకైతే చెప్పుకోవచ్చు. లేచి నమస్కారం పెట్టాను. ఎందుకు పెట్టానో మరి...

ఫిబ్రవరి 26

తాగడానికి క్యాన్లు కొంటున్నాం. వాడకానికి — వెనక కాలనీలో ఒకావిడ వాళ్ల సంపులోంచి రెండు బిందెలు తోడుకోనిస్తోంది. అదీ పగటిపూట, వాళ్లాయన లేనప్పుడే. ఆ వేళకు నేను బడిలో, మా ఆయన షిఫ్టులో. అత్తమ్మే వెళుతోంది. వద్దంటే వినదు — "నువ్వు బడికి వో. నా కాళ్లు గట్టిగనే ఉన్నయి."

మార్చి 1

బడికి ఫోన్ వచ్చింది. అత్తమ్మ మెట్ల మీద జారిపడింది. నిండు బిందెతో. తుంటి విరిగింది.

మార్చి 3

దవాఖానా. ఆపరేషన్ అయింది.

వరండాలో ఆయన గోడకు ఆనుకుని నిలబడ్డారు. "ఎవన్ని తిట్టాలె సుజాతా? పేరు జెప్పు, పోయి తిట్టొస్త."

ఆలోచించాను. ఇంజనీరా? యాదగిరా? ఎవరో రాసిచ్చింది చదివిన మేయర్ గారా? ఆయన టీ తేవడానికి వెళ్లిపోయారు.

మార్చి 8

వార్డు చివర నల్లా ఉంది. తిప్పితే వస్తున్నాయి. అత్తమ్మకు ఒళ్లు తుడిచాను. "తల గూడ పోయ్యి," అంది. ఖాళీ బకెట్టు మంచం కిందికి జరిపి, మెల్లగా తల అంచుకు తెచ్చి నీళ్లు పోశాను. కళ్లు మూసుకుంది. ఇంకో బకెట్టు నీళ్లు అడిగింది. తెచ్చాను.

మార్చి 11

రేపు ఇంటికి పంపిస్తారట. కుట్లు శుభ్రంగా ఉంచాలి, మంచంలోనే అన్నీ కాబట్టి దుప్పట్లు రోజూ ఉతకాలి... డాక్టర్ చెబుతుంటే తలూపుతూ ఉన్నాను.

వచ్చిన దగ్గర్నుంచి ఇంటికి తీసుకుపొమ్మని పోరు పెట్టిన మనిషి, మా ఆయన బయటికి వెళ్లాక నా కొంగు పట్టుకుంది.

"పిల్లా, ఇంకో నాలుగొద్దులు ఈడ్నే ఉంచుమని అడుగు. ఇంటికాడ నన్నెట్ల కడుగుతవ్?"

ఎలాగో చూసుకుంటాం అత్తమ్మా అన్నాను.

"ఎట్ల?"

వరండాలో మంచం దొరక్క స్ట్రెచర్ మీద ఒక ముసలావిడ ఉంది. ఆవిడ కూతురు పొద్దుటి నుంచి వచ్చి మా మంచం వైపు చూసిపోతోంది. ఇప్పుడే అడిగింది కూడా — "రేపు మీరు పోతున్రంట గదా అక్కా?"

డాక్టర్ పక్క వార్డులో ఉన్నారు. ఇటే వస్తారు. అత్తమ్మ నా వైపే చూస్తోంది, తలుపు దగ్గర ఆ పిల్ల కూడా.

ఏమని అడగను...