అక్క నోట ఒకటి నో ట్రంప్

బావా, నమస్కారం. నువ్వు పోయి పదకొండు నెలలైంది.

ఇందుమూలముగా పైలోకవాసులైన తమకు తెలియజేయడమేమనగా... మైదుకూరు క్లబ్బులో తమరి కుర్చీ కుంటికాలికి కొత్త మేకు కొట్టబడినది. టీలో అల్లము నిలిపివేయబడినది. గోడగడియారము పది నిమిషములు వెనుక నడుచుటకు కార్యవర్గము ఏకగ్రీవముగా అనుమతించినది. గమనించవలెను.

ఇక అసలు సంగతి. పోయిన ఆదివారం మన క్లబ్బు బ్రిడ్జి పేకాటలో కర్నూలు జట్టును కర్నూలులోనే ఓడించింది. ఓడించింది ఎవరనుకున్నావు? నీ పెళ్ళాం. మా అక్క.

నమ్మవు కదా... మొదటి నుంచి చెబుతాను, విను.

నీ కర్మకాండ అయిన మరునాడే అక్క పేకలన్నీ పాత చీరముక్కలో మూటగట్టి అటక మీద పడేసింది. క్లబ్బువాళ్ళు నన్ను కూడా అటకెక్కించాలని చూశారు. పదిహేనేళ్ళు నువ్వూ నేనూ ఒక జంట. నువ్వు లేనప్పుడు నేనెందుకు అన్నారు. వాళ్ళ తప్పేముంది? కాలిపోయిన బోరు మోటార్లకు తీగ చుట్టుకునేవాణ్ణి, పదో తరగతి మూడుసార్లు తప్పినవాణ్ణి. లెక్కల సారువైన నీ ఎదుట కూర్చున్నాను కాబట్టి నన్నూ బ్రిడ్జి ఆటగాడన్నారు.

నువ్వు నాకు నేర్పింది ఒకటే పాఠం, అదీ వెయ్యిసార్లు. ఆసుకు నాలుగు పాయింట్లు, రాజుకు మూడు, రాణికి రెండు, జాకీకి ఒకటి. జంటలో ఒకరు "ఒకటి నో ట్రంప్" అని మొదలుపెట్టారంటే, చేతిలో పదిహేను నుంచి పదిహేడు దాకా ఉన్నాయని, తురుపు లేకుండా ఆడదామని చెప్పేసినట్టే. ఇక జవాబు చెప్పేవాడిదే భారం.

"నా సేతిలో ఏముండాదో సెప్పేసినా. ఇంగ నీ సేతిలోది కలిపి కూడుకో. కూడిక గూడా రాదా అప్పా నీకు?" అనేవాడివి.

ఏడు లోపుంటే నోరు మూసుకోవాలి. ఎనిమిదో తొమ్మిదో ఉంటే "రెండు" అని, పైకి పోవాలో ఆగాలో మొదలుపెట్టినవాళ్ళకే వదలాలి. పదీ ఆ పైనా ఉంటే నేరుగా "మూడు" అనాలి. మూడంటే పదమూడు పట్లలో తొమ్మిది మనమే గెలవాలి, ఒక్కటి తగ్గినా దెబ్బే.

నేను చేతిలో ఐదున్నా "మూడు" అనేవాణ్ణి. నీ మీసం అదరడం చూడాలని!

"నీకు లెక్క రాక గాదప్పా. నా తిప్పలు సూసి నగాలని ఉండాది నీకు."

అదేం అబద్ధం కాదులే.

అయితే ఆ జవాబు తప్పకుండా చెప్పగల మనిషి నీ ఇంట్లోనే ఉంది. సాయంత్రం పూట నువ్వు మంచం మీద పేకలు పంచి, "ఒకటి నో ట్రంప్" అని కేకేసేవాడివి. అక్క శెనక్కాయలు ఒలుస్తూ, చాట పక్కన పెట్టిన తన పేకలు ఒక్కసారి ఎత్తి చూసి జవాబు చెప్పేది. ముప్పై ఏళ్ళు అదే వరస. నేను చూసినంతలో ఒక్కసారీ తప్పలేదు. నువ్వేమో "ఊఁ" అని పేకలు కలిపేసేవాడివి. క్లబ్బుకు ఏనాడూ వెంట తీసుకుపోలేదు.

ఎందుకు బావా?

అందుకే నేనే పోయి అక్క ముందు కూర్చున్నాను. ఆసుపత్రిలో చివరిరోజు నువ్వు నా చెయ్యి పట్టుకుని అన్న మాట చెప్పాను.

"మీ యక్కను నా కుర్చీలో కూసోబెట్టప్పా. ఆమె అంత లెక్క తెల్సినోళ్లు ఈ జిల్లాలోనే లేరు."

అక్క కొంగుతో ముఖం తుడుచుకుని వంటింట్లోకి పోయింది. మరునాడు నేను పోయేసరికి మూట అటక దిగి ఉంది.

కానీ సాధనకు కూర్చున్నాక ఒక వింత బయటపడింది. పదహారు పాయింట్లు చేతిలో పెట్టుకుని అక్క "పాస్" అనేసింది! ఏమే అక్కా, నిద్దరపోయినావా అంటే, ఆ మాట అనేది మీ బావ గదరా, నేను జవాబు జెప్పేదాన్ని గదా అంది... నిజమే. ముప్పై ఏళ్ళలో ఆమె ఒక్కసారి కూడా మొదలుపెట్టి ఎరగదు. నువ్వు పంచేవాడివి, నువ్వే మొదలుపెట్టేవాడివి, ఆమె నీకు బదులు చెప్పేది. తనకు మంచి పేకలొచ్చినా నీ గొంతు కోసం కాచుకుని కూర్చుంటే ఎట్లా?

నెలన్నర పోరాను. నోట్లోంచి ఆ మూడు మాటలు రాలేదు.

అట్లాగే కర్నూలు పోయాం. వాళ్ళ జట్టు పెద్ద ఒక ప్లీడరు. అక్కను చూసి, అమ్మగారు భోజనాలకు వచ్చినారా అన్నాడు. అవును సార్, కాస్త ఓపిక పట్టండి, ఆమెకు ఆసుకూ జాకీకీ తేడా ఇప్పుడిప్పుడే తెలుస్తాండాది అన్నాను. పాపం, మధ్యాహ్నం దాకా అక్కకు ఏ పేక ఏదో చెబుతూనే ఉన్నాడు. అక్క నా కాలు తొక్కిన తొక్కుడు ఇంకా నొప్పి.

అయితే పొద్దున ఆటలో మాకు నవ్వు మిగల్లేదు. పద్ధతి నీకు తెలిసిందే, మా బల్ల మీద పంచిన పేకలే పక్కగదిలో కూడా వేస్తారు, మా చేతులు అక్కడ వాళ్ళ జంటకు, వాళ్ళవి మన రెండో జంటకు వస్తాయి, చివరికి రెండు ఫలితాలూ పోలుస్తారు. అక్క పదహారుతో మళ్ళీ "పాస్" అంది. పక్కగదిలో అవే పేకలతో వాళ్ళు "మూడు" దాకా పోయి గెలిచారు. భోజనానికి లేచేసరికి మనం బాగా వెనకబడ్డాం. మన క్లబ్బువాళ్ళు నా వైపు చూసిన చూపు... చెప్పను. ఓడితే అక్క ఇక ఆ మూట విప్పదని నాకు తెలుసు.

అక్క అన్నం కెలికి లేచింది. నాకు మాత్రం రెండో గోంగూర వడ్డన ఆగలేదు, దాచడమెందుకు.

మధ్యాహ్నం మెల్లగా పుంజుకున్నాం. చివరి పంపకం వచ్చింది. మొదటి వంతు అక్కది. పేకలు విప్పి చాలాసేపు చూసింది. ప్లీడరు గొంతు సవరించుకున్నాడు.

"ఒకటి నో ట్రంప్."

చిన్న గొంతే. వణకలేదు.

బావా, నా పేకలు చూసుకున్నాను. ఇస్పేటు రాజు, డైమను రాజు, ఆఠీను రాణి, కళావరు జాకీ. తొమ్మిది. మళ్ళీ కూడాను. తొమ్మిదే. నాలుక చివర "మూడు" ఎగిరెగిరి పడుతోంది. గెలవాలంటే అదే కదా? అందరూ చూస్తుండగా ఎగరకపోతే నేను నేనేనా?

"రెండు" అన్నాను.

నా పుట్టుకలో మొదటిసారి, నిర్ణయం ఎదుటి మనిషికి వదిలాను. అక్క దగ్గర ఉన్నవి సరిగ్గా పదిహేను. ఆమె లెక్క ఆమె వేసుకుంది. ఆగిపోయింది. ఎనిమిది పట్లు కావాలి, ఎనిమిదే వచ్చాయి. తొమ్మిదోది ఆ బ్రహ్మకైనా రాదు.

పక్కగదిలో నా పేకలు వచ్చినవాడు ప్లీడరు తమ్ముడు. నాలాంటివాడే అయినట్టుంది, "మూడు" అని ఎగిరాడు. ఒక్క పట్టు తగ్గి బోర్లాపడ్డాడు. లెక్కలు పోల్చి చూస్తే, ఆ ఒక్క పంపకంతోనే గెలిచాం.

ప్లీడరు లేచి నిలబడి అక్కకు రెండు చేతులూ జోడించాడు. యాడ నేర్చుకున్నారమ్మా అన్నాడు. శెనక్కాయలు ఒలుస్తా నేర్చుకున్నానంది. మన క్లబ్బువాళ్ళు అక్కను కారులో ముందు సీట్లో కూర్చోబెట్టారు. నన్ను వెనక, టిఫిన్ క్యారియర్ల మధ్య. ఎంత గర్వంగా కూర్చున్నానో!

నంద్యాల దాటాక అక్క వెనక్కి తిరిగి, మీ బావ ఆసుపత్రిలో ఆ మాట ఎట్లన్నాడురా, మళ్ళా జెప్పు అంది. చెప్పాను. ఆళ్ళగడ్డ రాకముందే ఇంకో రెండుసార్లు అడిగింది. చెప్పాను. ప్రతిసారీ కిటికీ వైపు తిరిగి నవ్వుకుంది.

ఆ మాట నువ్వు అనలేదు బావా. మొత్తం నేనే కల్పించాను. నువ్వు నా చెయ్యి పట్టుకున్నది నిజం. అప్పటికే నీకు మాట పడిపోయి రెండు రోజులైంది. ఏమో, అదే అనాలనుకున్నావో, ఫ్యాను తగ్గించమన్నావో... నాకేం తెలుసు?

నోరున్న ముప్పై ఏళ్ళలో ఆ ఒక్క మాట నువ్వే అని ఉంటే, నేను అబద్ధమాడే పని ఉండేదా?

అక్కకు నేను చెప్పను. ఒట్టు. ఎప్పుడో ఆమె అక్కడికి వచ్చి నిన్నడుగుతుంది, నిజంగానే అన్నావా అని. అన్నానని చెప్పు. ఇంకో రెండు మాటలు కలిపి చెప్పు.

ఇట్లు,
నీ బామ్మర్ది