మూడో పేరు

నాయినా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. నిరుడు దసరకు, సంఘపోళ్ల భయానికి దొర పట్నం పారిపోయినా, దొరల వంశం చదివే ఆనవాయితీ మనతోని తప్పొద్దని, తాళమేసిన గడి ముందట వానల నిలవడి ఆయన తాత ముత్తాతల పేర్లన్నీ చదివినవ్. గా వానకు పట్టిన జరంతోనే పోయినవ్.

ఈ ఏడు యూనియన్ మిలట్రీ లారీల ఎనుక దొర మల్ల వచ్చిండు. గడికి సున్నమేయించి నన్ను పిలిపిచ్చిండు. మొన్న దసరకు నీ జాగల నిలవడి ఏడు తరాలు ఎక్కడా తడవడకుండ చదివిన. "అచ్చం మీ నాయిన లెక్కనే చదివినవ్‌రా" అన్నడు. నువ్వు ఎట్ల పోయినవో అడగలే.

ఇయ్యాల పొద్దుగాల నీ తద్దినం పెట్టిన. పంతులు మూడు తరాల పేర్లు చెప్పుమన్నడు. నీ పేరు చెప్పిన, తాత పేరు చెప్పిన. ముత్తాత పేరు రాలే. అమ్మ దిక్కు చూసిన.

"నన్నడిగితే నాకేమెరుక? గీ ఇంట్ల మనోళ్ల పేర్లు ఎన్నడన్న చదివిన్రా?" అన్నది.

పంతులు ఇంకో ఊరికి పోవాలని తొందర పెడుతుండు. నోటికి అలవాటైన దొర ముత్తాత పేరే బయటికొచ్చింది. గా పేరు మీదనే నువ్వులు, నీళ్లు ఇడిపిచ్చిండు. తప్పయిందని చెప్పే ఓపిక నాకు లేకపాయె.

ఇప్పుడు నీ పక్కన గా దొర ముత్తాత కూసొని ఉంటడు. ఆయన్ను చూసి నువ్వు లేచి నిలవడుంటవ్, చదువుడు సుత మొదలువెట్టి ఉంటవ్.

జర కూసో నాయినా. గది నీకు పెట్టిన బువ్వ.