ఎర మేపే బావ

రాజవ్వా, నేను బాగానే ఉన్నాను, నువ్వు రంది పెట్టుకోకు.

ఫుజైరాలో మాకు పని ఇచ్చిన కఫీల్ ఖర్జూర తోటలో నీళ్లు నిలవచేసే గుంట ఉంది, దాని నిండా చేపలే. మొన్న శుక్రవారం పట్టుకోమన్నాడు. గాలం తాడుకు నీళ్లమీద తేలే బెండు దొరక్క తెగిన రబ్బరు చెప్పు ముక్క కట్టాను, ఖుబ్బూసు రొట్టె పిసికి గాలానికి గుచ్చాను. ముక్క కదలగానే అలవాటు కొద్దీ గుంజాను. ఉత్త గాలమే వచ్చింది. మాకు వంట చేసే కడప హయాత్ బాషా ఒకటే నవ్వు. అప్పుడు నీ మాట గుర్తొచ్చింది: "బెండు ఆడితే ఊకో, మునిగితే గుంజు." మళ్లీ వేసి, చేతులు దురద పెడుతున్నా ఊకున్నాను. ముక్క పూర్తిగా మునిగాక గుంజితే మోచేతి పొడుగు చేప ఒడ్డున పడింది. ఎవరు నేర్పారని కఫీల్ అడిగితే నీ పేరే చెప్పాను. ఇప్పుడు బాషా కూడా గాలం వేసి, "ఏమబ్బా, మీ రాజవ్వ లాగమంటాందా, ఆగమంటాందా?" అని అడిగాకే లాగుతున్నాడు.

పులుసుకు చింతపండు లేక నిమ్మకాయ పిండుకున్నాం. ఇక్కణ్ణుంచి ఊరికొచ్చిన లచ్చన్న సెలవు అయ్యి తిరిగి వచ్చేటప్పుడు అతనితో చింతపండు పంపు. బర్రె ఈనిందా? పెంకులు సర్దించావా? అత్తమ్మకు దండాలు, పిల్లలకు ముద్దులు.

ఎప్పుడూ కవరు రాసేవాణ్ణి, ఈసారి కావాలనే కార్డు రాశాను. టపా తెచ్చే రాజలింగం కార్డయితే వాకిట్లోనే గట్టిగా చదువుతాడు. మన కుంటలో ఒక్క చేపా పట్టలేదని నాకు 'ఎర మేపే బావ' అని పేరు పెట్టిన నీ తమ్ముడు గంగారాం అప్పుడు అక్కడ ఉండాలి. లేకుంటే పిలిపించి మళ్లీ చదివించు.

భూమయ్య